గోదావరి డెల్టాలో సాధారణ డిగ్రీ చదివేవారికి పదార్థ విజ్ఞానంలో (పదార్థాల నిర్మాణాన్ని, గుణాలను అధ్యయనం చేసే శాస్త్రంలో) పరిశోధన అవకాశం ఉంటుందా?

ఉంటుంది, అమలాపురంలోనో రామచంద్రపురంలోనో బీఎస్సీ చదువుతూ, తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం వారైనా సరే, మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి నిర్వహిస్తూ వచ్చిన వేసవి పరిశోధన ఫెలోషిప్పు వంటి వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. పదార్థంలో పరమాణువుల అమరికను ఎక్స్‌రేలతో పసిగట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం వంటి ఖరీదైన పరికరాలు చిన్న కళాశాలల్లో అరుదు కనుక, ఎంపికైనవారికి భృతి ఇచ్చి, సుమారు రెండు నెలలు పెద్ద ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయనివ్వడం ఈ పథకాల ఉద్దేశం.

ఉదాహరణకు మన రైస్ మిల్లుల ఊక బూడిదనే తీసుకోండి. అందులో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఊకను 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర అదుపుగా కాల్చితే ఆ సిలికా స్ఫటికం కట్టక (అంటే దాని పరమాణువులు క్రమమైన వరుసల్లో అమరక), సిమెంటులో కలపడానికి అనువుగా ఉంటుంది. వేడి మరీ పెరిగితే స్ఫటికంగా మారి ఆ గుణం తగ్గుతుంది. ఎక్స్‌రే గ్రాఫులో మొదటిది వెడల్పాటి దిబ్బలా, రెండవది సూదిమొనల్లా కనిపిస్తుంది. ఇంత చక్కని ప్రశ్న మన ఊరి మిల్లు వెనకే కుప్పగా పడి ఉంది.

ఇది ఇంజినీరింగ్ వారికే అనుకోవడం పొరపాటు; భౌతిక, రసాయన శాస్త్రాల విద్యార్థులూ అర్హులే. అయితే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో అక్కడ జరిగే డిగ్రీ విద్యార్థుల పరిశోధన పథకం మాత్రం ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం.