హీలర్ కుక్కపిల్లను తెచ్చుకుంటామన్న కొత్త కాపురానికి

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ దగ్గరికి విజయవాడ నుంచి ఒక జంట వచ్చింది. మా చిన్నత్త ఆడబడుచు కొడుకూ కోడలూ, మొగల్రాజపురంలో ఉంటారు. జనవరిలో ఆస్ట్రేలియా వచ్చేస్తున్నారు. అదీ నేను పదిహేడేళ్ళుగా ఉంటున్న, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టూవుంబాకే. బియ్యం ఎక్కడ దొరుకుతాయి, చలికి ఏం కొనుక్కోవాలి, ఆవకాయ తేవచ్చా, అన్నీ అడిగారు. చెప్పులు వేసుకుంటూ అబ్బాయి అన్నాడు కదా, "ఆంటీ, మీ ఇంట్లో ఉన్నలాంటి నీలం కుక్కను మేమూ తెచ్చుకుందామని. పెద్ద పనేం ఉండదుగా?"

లోపల చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న మా అమ్మ పక్కున నవ్వింది.

ఆ నీలం కుక్క అంటే బ్లూ హీలర్, పశువుల మందల్ని తోలే ఆస్ట్రేలియా జాతి. గుమ్మం దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదని ఇప్పుడు కూర్చుని రాస్తున్నా. కొత్తగా వెళ్ళే మిగతా పిల్లలకీ పనికొస్తుంది.

ముందు అమ్మ నవ్వు సంగతి. ఆమె మా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు మా హీలర్ చుక్కికి ఏడు నెలలు. పొద్దున్నే స్నానం చేసి, దొడ్లో కరివేపాకు కోద్దామని వెళ్తోంది. నడుస్తుంటే కుచ్చిళ్ళు ఊగుతున్నాయి. చుక్కి పొట్ట గడ్డికి ఆనించి, తల దించి, చప్పుడు లేకుండా వెనకాలే వెళ్ళింది. మడమ మీద ఒక్క పంటిగాటు వేసి, వెంటనే నేలకి అతుక్కుపోయింది. రక్తం రాలేదు, రెండు పళ్ళ అచ్చులు పడ్డాయి అంతే. అమ్మ కెవ్వుమని పరుగెత్తింది. పరుగెత్తడం చూసి దానికి ఇంకా హుషారొచ్చింది, రెండో మడమా అందుకుంది. "కూతురింటికొస్తే కుక్క చేత కరిపించింది" అని గుంటూరు ఫోన్లన్నీ మోగాయి.

అది కసితో కరవలేదు, దాని పని అది చేసింది. మా తాతగారి ఊళ్ళో గేదెలు సాయంత్రానికి వాటంతటవే కొట్టంలోకి వచ్చేసేవి. దారి తప్పినదాన్ని పాలేరు చర్నాకోలతో అదిలించేవాడు. మన దగ్గర కుక్క ఇంటికి కాపలాయే తప్ప మంద తోలేది కాదు. అక్కడ 1830ల్లో న్యూ సౌత్ వేల్స్‌లో థామస్ హాల్ అనే ఆయనకి మందలు పెద్దవి, కంచెలు లేవు, సంత జరిగే సిడ్నీ ఎంతో దూరం, పశువులు సగం అడవి జాతి. ఇంగ్లండు నుంచి తెచ్చిన పశువుల కుక్కలకీ ఆ దేశపు అడవికుక్కలైన డింగోలకీ సంకరం చేయించి ఆయన ఒక రకాన్ని తయారుచేశాడు. అరవకుండా వెనకనుంచి వచ్చి, మడమ కొరికి, పశువు తన్నేలోపు నేలకి అతుక్కుపోయే కుక్క అది. తన్ను తల మీదుగా గాల్లోకి పోతుంది. హాల్ 1870లో పోయేదాకా ఆ కుక్కలు ఆ కుటుంబం చేతుల్లోనే ఉన్నాయి, తర్వాతే బయటివాళ్ళకి దొరికాయి. ఇంగ్లీషులో మడమని హీల్ అంటారు కదా, హీలర్ అన్న పేరు అందుకే. మా అమ్మ మడమ మీద పడింది దాదాపు రెండొందల ఏళ్ళ చదువు.

అందుకని దాన్ని కొట్టి మాన్పిద్దాం అనుకోకండి. పశువు తంతేనే బెదరని జాతికి మన చెప్పుదెబ్బ ఓ లెక్కా? మేం చేసిందల్లా ఏమిటంటే, అది మడమల వెంట పడగానే కదలకుండా గుంజలా నిలబడటం. కదలని కాలు దానికి చప్పగా ఉంటుంది. అప్పుడు "ఆగు" అని ఒక్కసారే నెమ్మదిగా చెప్పి, నోటికి తాడుముక్క అందించడం. ఆగితే వెంటనే ముక్క పెట్టి మెచ్చుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నేను "ఆగు", మా ఆయన "స్టాప్", అమ్మ "ఛీ, పో" అంటే ఏది వినాలో దానికి తెలియక నెల రోజులు పోయాయి. చివరికి తెలుగే ఖాయం చేశాం. (దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఒకసారి పక్కింటి పెద్దావిడకి అప్పజెప్పి వెళ్తే, "మీ కుక్క కూర్చోదేం?" అని ఫోన్ చేసింది. అప్పట్నించి ఫ్రిజ్ మీద "కూర్చో, రా, ఆగు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అంటించాను.)

ఇక మచ్చిక. ముద్దు చేస్తే మచ్చికవుతుందనుకున్నాను, మూడు వారాలు ఒళ్ళో పెట్టుకున్నాను. అది మాత్రం మా ఆయన వెంటే తిరిగింది. ఆయన ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. కానీ పొద్దున్న ఐదున్నరకి దాన్ని తీసుకెళ్ళేది ఆయన. గరాజులో పని చేస్తుంటే స్పానరు నోటితో తెచ్చిచ్చేది ఆయనకి. సంగతి అర్థమై నేనూ పని పెట్టడం మొదలుపెట్టాను. తిండి గిన్నెలో పెట్టడం మానేసి, గుప్పెడు గింజలు గడ్డిలో చల్లి "వెతుకు" అన్నాను. దాని బొమ్మలకి తలా ఒక పేరు పెట్టి ఒక్కొక్కటీ తెమ్మన్నాను. బట్టలారేసేటప్పుడు క్లిప్పుల బుట్ట మోయించాను. రెండు నెలలకి నేను వంటింట్లో ఉంటే పాదాల మీద గడ్డం ఆన్చి పడుకోవడం మొదలెట్టింది. బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు బయట కాపలాయే. నీడలా ఉంటుంది, ఆ నీడ సరదా కొందరికి నెలలోనే తీరిపోతుంది. మీరిద్దరూ ఉద్యోగాలకి పోయి పది గంటలు దాన్ని ఒంటరిగా పెరట్లో వదిలితే పని అదే వెతుక్కుంటుంది. గుంతలు తవ్వుతుంది, కంచె వెంట పరుగెడుతుంది, ఎవరు వెళ్ళినా అరుస్తుంది. పక్కవాళ్ళు కౌన్సిల్‌కి (మన మునిసిపాలిటీ లాంటిది) ఫిర్యాదు చేస్తారు. రోజుకి కనీసం రెండు గంటలు మీవి దానివి. ఎండాకాలం తెల్లవారుజామునే నడవాలి, తారు మీద అరచెయ్యి వెనకభాగం ఆన్చి ఏడు సెకన్లు పెట్టలేకపోతే దాని పంజాలూ కాలతాయి.

అమ్మకీ దానికీ ఎలా కుదిరిందో చెప్పాలి. పూజగదిలోకి రానివ్వనని పట్టుపట్టింది. రోజూ గడప దగ్గర "కూర్చో" అనేది, హారతి గంట ఆగాక చిటికెడంత కొబ్బరి పెట్టేది. పది రోజులకల్లా గంట మోగితే చుక్కి ఎక్కడున్నా వచ్చి గడప ఇవతల బొమ్మలా కూర్చునేది. ఇంటిల్లిపాదిలోకీ హారతికి వేళ తప్పకుండా హాజరయ్యేది అదొక్కటే అని అమ్మ మా అమ్మాయిని దెప్పేది.

చవితికి పాతికమందిని పిలిచినప్పుడు మాత్రం తప్పు నాదే. పిల్లలు పెరట్లో పరుగులు తీస్తుంటే చుక్కి వాళ్ళందర్నీ చుట్టుముట్టి మూలకి తోలింది. మొదట అందరూ నవ్వారు, వీడియోలు తీశారు. ఒక బాబు మూల నుంచి తప్పించుకోబోయేసరికి పిక్క మీద ఎర్రటి గీత పడింది. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, తర్వాత ఏడాది మా ఇంటికి రాలేదు. కుక్క కరిచిందని ఫిర్యాదు వెళ్తే కౌన్సిల్ దాన్ని ప్రమాదకరమైన కుక్కగా ప్రకటించవచ్చు. ఆ తర్వాత కంచె, మూతికి బుట్ట, అన్నీ నియమాలే. ఇప్పుడు జనం వస్తున్నారంటే దాన్ని ముందే గట్టిగా నడిపించి, లోపలి గదిలో నమలడానికి ఎముక ఇచ్చి తలుపు వేస్తాను. కొత్తవాళ్ళంటే మొదట్నించీ అనుమానమే దానికి, ఇందులో అలిగేదేం లేదు.

తిండి విషయంలో మన వంటిల్లే ప్రమాదం. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకి విషం, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. అంటే సాంబారన్నం, పప్పుచారు, కూరలో మిగిలిన ముక్క, ఏదీ వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీల మీద పడతాయి కాబట్టి పరమాన్నం గిన్నె నాకనివ్వద్దు. తాలింపు లేని పెరుగన్నం కొంచెం పెడితే ఫరవాలేదు. ఇంకోటి, తూర్పు తీరం వెంబడి ఉండే ఒకరకం గోమార్లు పక్షవాతం తెప్పిస్తాయి. మన ఊళ్ళో గిల్లి పారేస్తాం, అక్కడ అలా కాదు. సముద్రం వైపు వెళ్ళొస్తే చెవుల వెనకా మెడ కిందా వేళ్ళతో తడమండి. వెనక కాళ్ళు తడబడినా, అరుపు మారినా ఆ రాత్రే వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి.

కాగితాలు కష్టం కాదు. మైక్రోచిప్, కౌన్సిల్ నమోదు తప్పనిసరి. అద్దె ఇల్లయితే రాతపూర్వకంగా అడగాలి, క్వీన్స్‌లాండ్‌లో యజమాని 14 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే. పిల్లను కొనేటప్పుడు చెవుడు పరీక్ష చేయించారా అని అడగండి, ఈ జాతిలో పుట్టు చెవుడు ఉంది. పిల్లలు తెల్లగా పుడతాయి, నీలం తర్వాత వస్తుంది కాబట్టి, రంగు ఎలా తేలుతుందోనని కంగారొద్దు.

అసలు చిక్కు విమానం టిక్కెట్లతో. ఏడాదికోసారి సంక్రాంతికి విజయవాడ రావాలని మీకుంటుంది. కుక్కను ఇండియా తెస్తే తిరిగి నేరుగా ఆస్ట్రేలియాకి తీసుకెళ్ళడం కుదరదు, ఆ దేశం ఒప్పుకునే దేశాల జాబితాలో మనది లేదు. పైగా రెండు పొరల బొచ్చున్న దాన్ని మే నెలలో బెంజ్ సర్కిల్ ఫ్లాటులో పెట్టడం నాకైతే మనసొప్పదు. ఇవి మామూలుగా పన్నెండు, పదమూడేళ్ళు బతుకుతాయి. బ్లూయీ అనే ఒకటి విక్టోరియాలో 1910 నుంచి 1939 దాకా, 29 ఏళ్ళ 5 నెలలు బతికిందని రికార్డు. ఇప్పుడు నీకు ముప్ఫై రా నాన్నా. రేపు పుట్టబోయే పిల్లలు హైస్కూలుకి వెళ్ళేదాకా ప్రతి ప్రయాణానికీ దాన్ని ఎవరు చూస్తారో ముందు అనుకోవాలి.

నేనైతే ఒకటి చెప్తాను. మీరు జనవరిలో దిగుతారు, మేం ఫిబ్రవరి దాకా గుంటూరులోనే. చుక్కి ఇప్పుడు ఆ పక్కింటి పెద్దావిడ దగ్గరుంది. నేను ఆవిడతో మాట్లాడి పెడతాను. రెండు వారాలు పొద్దున్నే వెళ్ళి దాన్ని నడిపించండి, పనులు చెప్పండి, ఫ్రిజ్ మీది చీటీ ఆవిడ దగ్గరే ఉంది. తర్వాత కుక్కపిల్లల్ని అమ్మే బ్రీడర్‌కి ఫోన్ చేయాలో వద్దో మీరే తేల్చుకోండి. మొదటి నాలుగు రోజులు మాత్రం మందం సాక్సులు వేసుకుని వెళ్ళండి. అమ్మాయిని చీర కట్టుకోవద్దని మా అమ్మ మరీ మరీ చెప్పమంది.