రూబెన్ శాండ్‌విచ్‌కి కారం పట్టాలంటే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రూబెన్ అంటే రై అనే ధాన్యంతో చేసిన రొట్టె ముక్కల మధ్య కార్న్‌డ్ బీఫ్ (ఉప్పునీటిలో ఊరబెట్టిన గొడ్డు మాంసం), స్విస్ చీజ్, సౌర్‌క్రాట్ (పులియబెట్టిన క్యాబేజీ తరుగు), డ్రెస్సింగ్ (మయొనైజ్‌తో చేసే చిక్కటి సాస్) పెట్టి పెనం మీద కాల్చే అమెరికన్ శాండ్‌విచ్.

ప్రశ్న: రూబెన్ శాండ్‌విచ్ కాస్త కారంగా చేద్దామని డ్రెస్సింగ్‌లో రెండు స్పూన్ల హాట్ సాస్ కలిపాను. విడిగా నాకి చూస్తే నోరు మండింది. శాండ్‌విచ్‌లో మాత్రం కారం తెలియనే లేదు, పైగా రొట్టె తడిసి ముద్దయింది. తేడా ఎక్కడ వచ్చింది?

జవాబు: రెండింటికీ కారణం ఆ హాట్ సాసే. సీసాల్లో దొరికే పల్చటి హాట్ సాస్‌లో చాలావరకు వెనిగర్, నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు డ్రెస్సింగ్‌ను పల్చన చేసి నేరుగా రొట్టెలోకి దిగాయి. ఇక కారం సంగతి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. రూబెన్‌లో కొవ్వుకు కొదవే లేదు: మయొనైజ్, స్విస్ చీజ్, మాంసం, పైన రాసే వెన్న. దీనికి తోడు చీజ్‌లోని కేసిన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుకకు మంట తగలకుండా చేస్తుంది. అందుకే స్పూనుతో చూసినప్పుడు సరిపోయిన కారం శాండ్‌విచ్‌లో చప్పబడుతుంది. విడిగా చూసినప్పుడు ‘కొంచెం ఎక్కువైందే’ అనిపిస్తే లోపల పెట్టాక సరిగ్గా ఉంటుంది.

కారాన్ని పొడిగానో ముద్దగానో వేయండి, పల్చటి సాస్ రూపంలో వద్దు. రెండు శాండ్‌విచ్‌లకు కొలతలివి: మయొనైజ్ 4 టేబుల్ స్పూన్లు, టమాటా కెచప్ 1 టేబుల్ స్పూను, తడి పిండేసిన హార్స్‌రాడిష్ (ఆవఘాటు ఉండే ఒక వేరు) తురుము 2 టీస్పూన్లు, అడోబో అనే మసాలా సాస్‌లో నిల్వచేసిన చిపోట్లే (పొగబెట్టి ఎండించిన) మిరప మెత్తగా నూరి 1½ టీస్పూన్లు, కయెన్ కారం పావు టీస్పూను, తురిమిన ఉల్లిపాయ 1 టీస్పూను, వూస్టర్ సాస్ అర టీస్పూను. ఉప్పు అసలు వేయకండి. మాంసం, చీజ్, సౌర్‌క్రాట్ మూడూ ఉప్పగానే ఉంటాయి. కలిపాక కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి, కారం మయొనైజ్‌లోని నూనెకు పట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. శాండ్‌విచ్‌కు 2 టేబుల్ స్పూన్లు చాలు, మిగిలింది నంజుకోవడానికి ఉంచుకోండి.

థౌజండ్ ఐలాండ్ డ్రెస్సింగ్‌తోనూ చాలామంది చేస్తారు. కానీ దాని తీపి కారాన్ని అణిచేస్తుంది. కారం రూబెన్‌కు పైన చెప్పినట్టు హార్స్‌రాడిష్ పడే రష్యన్ డ్రెస్సింగే సరైనది.

ప్రశ్న: చిపోట్లే, కయెన్ ఉండగా మళ్లీ హార్స్‌రాడిష్ ఎందుకు? మానేస్తే ఏమవుతుంది?

జవాబు: మానేస్తే శాండ్‌విచ్ కారంగానే ఉంటుంది, కానీ ఒకే తీరుగా ఉంటుంది. మిరప మంట నెమ్మదిగా మొదలై నోట్లో నిలుస్తుంది. హార్స్‌రాడిష్ ఘాటు, ఆవఘాటు లాగే, ముక్కుకి ఎక్కి క్షణాల్లో దిగిపోతుంది. కొవ్వు ఇంత ఉన్న శాండ్‌విచ్‌కు ఆ చురుకు కావాలి, లేకపోతే సగం తినేసరికే వెగటు పుడుతుంది.

ఒక జాగ్రత్త: ఈ ఘాటునిచ్చే పదార్థం ఇట్టే ఆవిరైపోయే రకం, వేడి తగిలితే ఎగిరిపోతుంది. అందుకే డ్రెస్సింగ్‌ను రొట్టెకు రాయకుండా నడిమి పొరల్లో, మాంసానికి సౌర్‌క్రాట్‌కు మధ్య పెట్టాలి. నంజుకునే డ్రెస్సింగ్‌లో ఇంకో అర టీస్పూను పచ్చి హార్స్‌రాడిష్ కలిపితే ఆ ఘాటు పూర్తిగా దక్కుతుంది. తాజా వేరు తురుముకుంటే వెంటనే వెనిగర్ పోయకండి. తురిమాక రెండు మూడు నిమిషాలు ఘాటు పెరుగుతూ పోతుంది, వెనిగర్ తగలగానే అక్కడికి ఆగుతుంది. తురిమేటప్పుడు కిటికీ తీసి ఉంచండి, కళ్లు బాగా మండుతాయి.

ప్రశ్న: సౌర్‌క్రాట్ బదులు కిమ్చీ పెట్టవచ్చా? రెండింట్లో ఏది పెట్టినా నీరు కారుతోంది.

జవాబు: భేషుగ్గా పెట్టవచ్చు. రెండూ పులియబెట్టిన క్యాబేజీలే, కిమ్చీలో మిరప కూడా ఉంటుంది కాబట్టి కారం రూబెన్‌కు చక్కగా కుదురుతుంది. అయితే చిల్లుల గిన్నెలో వడకట్టడంతో సరిపెట్టకండి. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండాలి. 150 గ్రాముల సౌర్‌క్రాట్ పిండితే దాదాపు 100 గ్రాములు మిగులుతుంది, రెండు శాండ్‌విచ్‌లకు అది చాలు. తర్వాత పెనంలో ఒక టీస్పూను నూనె, అర టీస్పూను మిరప పలుకులు వేసి, మిరప రంగు మారకముందే పిండిన తరుగు వేసి, మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. ఆవిరి తగ్గి అంచులు అక్కడక్కడా ఎరుపెక్కితే దించేయవచ్చు. ఈ ఒక్క పనితో రొట్టె తడవడం చాలావరకు ఆగుతుంది, మిరప కారం నూనెతో పాటు క్యాబేజీకీ పడుతుంది.

కిమ్చీని అంగుళం ముక్కలుగా తరిగి ఇదే పద్ధతిలో చేయండి, మిరప పలుకులు వేయనక్కర్లేదు. పొడుగ్గా వదిలేస్తే ఒక్క కొరుకుకే ఆకంతా ఊడి వస్తుంది. కిమ్చీ వాడిన రోజు డ్రెస్సింగ్‌లో చిపోట్లే మానేయండి. దాని పొగవాసన, కిమ్చీలోని వెల్లుల్లి కలిస్తే రెండూ చెడతాయి. చిపోట్లే బదులు కిమ్చీ రసం ఒక టీస్పూను చాలు. శాకాహారులు సీసా మీద ఏమేం కలిపారో చదవాలి. చాలా కిమ్చీలలో చేపల సాస్ గానీ ఉప్పు రొయ్యలు గానీ ఉంటాయి.

సౌర్‌క్రాట్‌ను నీళ్లలో కడగాలా అని కూడా అడుగుతుంటారు. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంటే తప్ప కడగకండి, పులుపు పోతే రూబెన్ రూబెన్ కాదు.

ప్రశ్న: రొట్టె మాడుతోంది, లోపల చీజ్ కరగడం లేదు. మంట తగ్గిస్తే రొట్టె ఎండిపోతోంది.

జవాబు: ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసాన్ని నేరుగా పెట్టేస్తున్నారేమో చూసుకోండి. ఈ శాండ్‌విచ్ మందం ఎక్కువ. చల్లటి మాంసం వేడెక్కే లోపు రొట్టె మాడక తప్పదు. ఒక్కో శాండ్‌విచ్‌కు 110 గ్రాముల కార్న్‌డ్ బీఫ్ తీసుకోండి. నారకు అడ్డంగా రెండు మిల్లీమీటర్ల మందాన కోసినదైతే మంచిది, నార వెంట కోస్తే పీచులా సాగుతుంది. పెనంలో వేసి ఒక టీస్పూను నీళ్లు చల్లి, మూత పెట్టి ఒక నిమిషం ఆవిరి పట్టనిచ్చి, తడి ఆరనివ్వండి. చీజ్‌ను అరగంట ముందే బయట పెట్టండి.

పేర్చే వరస కూడా ముఖ్యం. రొట్టె, చీజ్, మాంసం, డ్రెస్సింగ్, సౌర్‌క్రాట్, మళ్లీ చీజ్, రొట్టె. చీజ్ రెండు వైపులా ఉంటే తడి రొట్టెను తాకదు, కరిగి పొరలన్నిటినీ అతికిస్తుంది. ఒక వైపు స్విస్, రెండో వైపు పెప్పర్ జాక్ (మిరప ముక్కలు కలిపిన చీజ్) పెట్టి చూడండి. రెండూ పెప్పర్ జాక్ అయితే స్విస్ ఇచ్చే కమ్మదనం పోతుంది. నిల్వ ఊరగాయ హాలపీనో మిరప చక్రాలు పెట్టదలచుకుంటే కాగితంతో తడి అద్ది, చీజ్‌కు మాంసానికి మధ్య పెట్టండి.

రై రొట్టె ముక్కలు ఒకటింబావు సెంటీమీటరు మందం ఉండాలి. ముదురు రంగు రై వద్దు, ఎర్రబడిందో మాడిందో కంటికి తెలియదు. బయటి వైపు మెత్తటి వెన్న పల్చగా, అంచుల దాకా రాయండి. ఆ వెన్నలో కారప్పొడి కలపకండి. పెనం తగలగానే కారం మాడి చేదెక్కుతుంది, ఇల్లంతా ఘాటు కమ్ముతుంది. దళసరి పెనాన్ని మధ్యస్థానికి కొంచెం తక్కువ మంట మీద మూడు నిమిషాలు కాచి శాండ్‌విచ్ పెట్టండి. పైన బరువైన గిన్నె ఆనించి నాలుగు నిమిషాలు, తిరగేసి మూడు నిమిషాలు. చీజ్ ఇంకా గట్టిగా ఉంటే చివరి ఒక్క నిమిషం మూత వేయండి, అంతకు మించితే ఆవిరికి పైరొట్టె మెత్తబడుతుంది. దించాక పళ్లెంలో కాకుండా జాలీ మీద రెండు నిమిషాలు ఉంచి కోయండి. పళ్లెంలో పెడితే అడుగున చెమట పట్టి కరకర పోతుంది.

ప్రశ్న: మేము బీఫ్ తినం. రుచి చెడకుండా దేంతో చేయాలి?

జవాబు: టర్కీ పాస్ట్రామీ (టర్కీ కోడి మాంసంతో చేసేది) మొదటి ఎంపిక. మిరియాలు, ధనియాలు పట్టించి పొగబెట్టింది కాబట్టి కారానికి తోడవుతుంది. టర్కీతో పాటు సౌర్‌క్రాట్ బదులు కోల్‌స్లా (డ్రెస్సింగ్ కలిపిన పచ్చి క్యాబేజీ తరుగు) పెడితే ఆ శాండ్‌విచ్‌ను రేచెల్ అంటారు.

మాంసమే వద్దనుకుంటే పోర్టొబెల్లో పుట్టగొడుగులు. రెండు శాండ్‌విచ్‌లకు 300 గ్రాములు, ఎనిమిది మిల్లీమీటర్ల ముక్కలు. నూనె లేకుండా వేడి పెనంలో వేసి, ఊరిన నీరంతా ఇగిరిపోయే దాకా కదపండి. ఆ తర్వాతే ఒక టేబుల్ స్పూను నూనె, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ధనియాలు ఒక్కో టీస్పూను, స్మోక్డ్ పాప్రికా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను వేసి రెండు నిమిషాలు వేయించండి. నూనె ముందే పోస్తే ముక్కలు వేగకుండా ఉడికిపోతాయి. డ్రెస్సింగ్‌లో వూస్టర్ సాస్ కూడా మానేయండి, మామూలుగా దాంట్లో ఆంకోవీ చేప ఉంటుంది.

ప్రశ్న: రూబెన్‌ను మొదట ఎవరు చేశారు?

జవాబు: తేలని తగువు. న్యూయార్క్‌లో డెలికటెసెన్ (శాండ్‌విచ్‌లు, వండిన మాంసాలు అమ్మే దుకాణం) నడిపిన ఆర్నల్డ్ రూబెన్ చేశాడని ఒక వాదన. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని బ్లాక్‌స్టోన్ హోటల్‌లో 1920ల నాటి పేకాట బృందంలో ఒకడైన రూబెన్ కులకోఫ్‌స్కీ చేశాడని మరో వాదన. ఆ హోటల్ వెయిట్రెస్ ఒకామె 1956లో ఈ శాండ్‌విచ్‌తో జాతీయ పోటీలో గెలిచింది. దేశమంతా పేరు పాకడానికి అది బాగా తోడ్పడింది.

ప్రశ్న: ఎనిమిది మందికి ఒకేసారి వేడిగా వడ్డించాలి. ముందు రోజే పేర్చి పెట్టుకోవచ్చా?

జవాబు: పేర్చి పెట్టకండి, చీజ్ అడ్డున్నా తడి అంచుల నుంచి రొట్టెలోకి దిగుతుంది. డ్రెస్సింగ్ కలపడం, సౌర్‌క్రాట్ వేయించడం ముందు రోజే చేసి విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. వడ్డించే ముందు ఓవెన్‌ను 220 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, ఖాళీ ట్రేను లోపలే పది నిమిషాలు కాగనివ్వండి. ఈలోగా మాంసం, సౌర్‌క్రాట్ వెచ్చబెట్టి శాండ్‌విచ్‌లు పేర్చుకోండి. కాగిన ట్రే మీద ఎడంగా అమర్చి ఐదు నిమిషాలు, తిరగేసి నాలుగు నిమిషాలు. ఎనిమిదీ ఒక ట్రేలో ఇరికించకండి, రెండు ట్రేలు వాడండి. తిరగేసేటప్పుడు పై అరలోని ట్రేను కిందికి, కిందిదాన్ని పైకి మార్చండి. కారం తినలేని వాళ్లుంటే వాళ్ల శాండ్‌విచ్‌లకు చిపోట్లే, కయెన్ లేని డ్రెస్సింగ్, మిరప లేని సౌర్‌క్రాట్ వేరుగా ఉంచి, పైన టూత్‌పిక్ గుచ్చి గుర్తు పెట్టుకోండి.