కూకట్‌పల్లి నుంచి తెల్లాపూర్‌కి అద్దె ఫ్లాట్ మారుతున్నాం. ప్యాకింగ్‌లో ఏ పొరపాట్లు జరగకుండా చూసుకోవాలి?

ప్యాకింగ్ గురించి అడిగారు గానీ, అసలు గండం అట్టపెట్టెల్లో లేదండి. గాజు గ్లాసు పగిలితే వందో రెండొందలో పోతుంది. వేలకు వేలు వదిలేది గోడకీ నల్లాకీ తగిలించి ఉన్న వస్తువుల దగ్గర. ప్యాకర్లు గుమ్మం తొక్కకముందే వాటి పని అయిపోవాలి.

ముందు స్ప్లిట్ ఏసీ. "అదీ మేమే విప్పేస్తాం సార్" అంటారు. మంచం బోల్టులు విప్పిన కుర్రాడే స్పానర్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్తాడు. రాగి పైపు నట్టు కాస్త వదులు చేయగానే బుస్సుమని తెల్లటి పొగ కొడుతుంది. ఆ బుస్సులో పోయింది మీ గ్యాసే. కొత్తింట్లో బిగించాక "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అని రెండు మూడు వేలు అడుగుతారు, తప్పంతా మీ ఏసీదే అన్నట్టు.

సరిగ్గా విప్పే పద్ధతిని పంప్ డౌన్ అంటారు. ఏసీని కూల్ మోడ్‌లో 16 మీద పెట్టి ఐదు పది నిమిషాలు నడపాలి. బయట కంప్రెసర్ తిరుగుతూ ఉండాలి. అవుట్‌డోర్ యూనిట్ పక్కన ఒక సన్న పైపు, ఒక లావు పైపు, రెంటికీ ఇత్తడి మూతలు ఉంటాయి. మూతలు తీసి, ఎలెన్ కీ (ఆరు పలకల వంపు తిరిగిన తాళం)తో ముందు సన్న పైపు వాల్వ్ మూయాలి. లోపలికి వెళ్లే దారి మూసుకుపోయి, తిరిగొచ్చే దారి మాత్రం తెరిచి ఉంటుంది కాబట్టి గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేరుతుంది. సుమారు నిమిషంలో, లావు పైపు వాల్వ్ దగ్గర తగిలించిన ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా దగ్గరికొస్తుంది. అప్పుడు లావు పైపు వాల్వ్ కూడా మూసి, వెంటనే ఏసీ ఆపేయాలి. ఆలస్యం చేస్తే కంప్రెసర్ వట్టిగా తిరిగి వేడెక్కుతుంది. పైపుల చివర్లకు టేపు చుట్టి, పెద్ద చుట్టగా చుట్టాలి. చిన్నగా మడిస్తే రాగి నొక్కుకుపోతుంది. ఇదంతా కరెంటు ఉంటేనే అవుతుంది, అందుకే ముందురోజే చేయించండి.

కొత్తింట్లో బిగించే మనిషిని ఫోన్లోనే ఒక మాట అడగండి: "వాక్యూమ్ పంపు తెస్తున్నావా?" పైపుల్లోని గాలిని ఆ పంపుతో కనీసం పావుగంట లాగాలి. చాలామంది కాస్త గ్యాస్ వదిలి, దాంతో గాలిని తోసేసి అయిందనిపిస్తారు. తేమ లోపలే ఉండిపోయి, ఆయిల్‌తో కలిసి ఆమ్లం తయారై కంప్రెసర్‌ని తినేస్తుంది. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 కొంతవరకు మండే గ్యాస్. చివర్లో జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు వెనక నుంచి మూడో నాలుగో పొడుగు బోల్టులు తీసి చేతిలో పెట్టి ఉంటారు, గుర్తుందా? డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కదలకుండా పట్టుకునేవి ఆ బోల్టులే. అవి బిగించకుండా లారీ ఎక్కిస్తే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా డ్రమ్ము బాడీకి కొట్టుకుని సస్పెన్షన్ దెబ్బతింటుంది. బోల్టులు దొరక్కపోతే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెప్పించుకోండి. కింద ముందువైపు ఫిల్టర్ మూత తిప్పి, మిగిలిన నీళ్లు పళ్లెంలోకి వంచేయండి. కొత్తింట్లో మాత్రం బోల్టులు తీయకుండా స్విచ్ వేయకూడదు.

ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆపి, తలుపు ఓరగా తెరిచి ఉంచండి. ఫ్రాస్ట్ ఫ్రీ అయితే వెనక కంప్రెసర్ మీదుండే ట్రేలో నీళ్లు తుడవాలి, లేకపోతే అవి లారీలో కారి పక్కనున్న పరుపుని తడిపేస్తాయి. నిలువుగానే తీసుకెళ్లాలి. తప్పక పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది, కాబట్టి నిలబెట్టి ఒక రోజు ఆగి స్విచ్ వేయండి. పక్కపక్కన రెండు తలుపులుండే పెద్ద ఫ్రిజ్ సుమారు 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. మూడడుగుల వంటింటి గుమ్మంలో నేరుగా పట్టదు, పక్కకు తిప్పి దూర్చాలి, అలా కూడా పట్టకపోతే ఫ్రిజ్ తలుపులు ఊడదీయాలి. టేపు పట్టుకుని ముందే కొలవండి, లిఫ్ట్ కూడా. గీజర్ మళ్లీ పెట్టాక వేడి నల్లాలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ ముట్టుకోవద్దు. నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది.

ఈ ముహూర్తాల గోల ఒకటి. ఆషాఢమంతా ఈగలు తోలుకునే ప్యాకర్లు శ్రావణం రాగానే ఫోనెత్తరు, ఎత్తినా చెప్పిందే రేటు. ముహూర్తం పాలు పొంగించడానికి గానీ లారీకి కాదు కదా! ఆ తెల్లవారుజామున దేవుడి పటం, స్టవ్, ఒక గిన్నె పట్టుకెళ్లి పాలు పొంగించి వచ్చేయండి. సామాను ఏదో ఒక బుధవారం తరలించుకోవచ్చు. పెద్దవాళ్లూ కాదనరు.

గేటెడ్ కమ్యూనిటీ అయితే అసోసియేషన్ అనుమతి, సర్వీస్ లిఫ్ట్ వేళలు, లారీ బ్లాక్ దాకా వస్తుందా లేక గేటు దగ్గరే ఆపేస్తారా అన్నవి కనుక్కుని ప్యాకర్లకు ముందే చెప్పండి. దింపేటప్పుడు "ఇంత దూరం మోయాలని చెప్పలేదు" అన్న పేచీ అక్కడే మొదలవుతుంది. రెండిళ్లలోనూ కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. గ్యాస్ కనెక్షన్ ఒకే ఊళ్లో ఏజెన్సీ మారితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పక్కర్లేదు, ఆన్‌లైన్‌లో బదిలీ పెడితే చాలు. నిండు సిలిండర్‌ని మాత్రం సామాన్లతో కలిపి లారీ ఎక్కించనివ్వద్దు. ఆవకాయ జాడీ కూడా లారీ ఎక్కకూడదు. కొంచెం ఒరిగినా నూనె గుడ్డ దాటి వస్తుంది, కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

సామాను దిగాక డెలివరీ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. టీవీ ఒకసారి ఆన్ చేసి, ఫ్రిజ్ పక్కలు, బీరువా మూలలు చూసి, సొట్ట కనిపిస్తే ఆ కాగితం మీదే రాయించి, లారీ ఉండగానే ఫోటో తీయండి.