షెల్ స్క్రిప్టుల ఉద్యోగం మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ. ఏడాదిగా హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో చేస్తున్నాడు. షెల్ స్క్రిప్టులు (కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే కమాండ్ల ఫైళ్లు) రాసి వెబ్ సర్వీసులుగా పెట్టడం, వాటికి వచ్చే జేసన్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) డేటా చూడటం తన పని అంటాడు. తోటివాళ్లంతా ఏఐ వైపు వెళ్తున్నారు. మాన్పించి ఆర్నెల్ల ఏఐ కోర్సులో చేర్పించమంటారా? ఏది మేలు?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మాన్పించకండి. మీవాడు వెనకబడిపోయాడేమోనన్నదే మీ భయం. వెనకబడలేదు. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ తనంతట తాను పంపే సమాచారం (వెబ్‌హుక్) అయినా, క్లౌడ్ కమాండ్లు అయినా, మీరంటున్న ఏఐ మోడళ్లతో ప్రోగ్రాములు మాట్లాడే ఏపీఐలైనా ఇచ్చిపుచ్చుకునేది జేసన్‌లోనే.

చూడటానికి చిన్న పనే, చేస్తే తెలుస్తుంది. కస్టమర్ పేరులో ఒక డబుల్ కోట్ ఉందనుకోండి. జేసన్‌లో పేర్లను డబుల్ కోట్ల మధ్యే రాస్తారు కాబట్టి, ఎకో అనే ప్రింట్ కమాండ్‌తో అతికించిన జేసన్ అక్కడే చెడిపోతుంది. అదే పేరును జేసన్ కోసమే ఉన్న జేక్యూ అనే టూల్‌కి ఆర్గ్ ఆప్షన్‌తో అందిస్తే అదే సర్దుతుంది. అడిగిన ఫీల్డ్ డేటాలో లేకపోతే జేక్యూ మామూలుగా ఎర్రర్ ఇవ్వదు, ‘నల్’ అని ప్రింట్ చేస్తుంది. షెల్ దాన్నే కస్టమర్ పేరనుకుని ముందుకెళ్తుంది. ఇలాంటివి పట్టుకోవడం క్లాసులో రాదు, పనిలోనే వస్తుంది. 2014లో బయటపడ్డ షెల్‌షాక్ లోపం గురించి మీ అబ్బాయిని చదవమనండి. వెబ్ రిక్వెస్టు హెడర్‌లో రాసి పంపిన కమాండ్లను సీజీఐ (వెబ్ సర్వర్ స్క్రిప్టులను నడిపే పద్ధతి) ద్వారా బాష్ అనే షెల్ నడిపేసింది. అందుకే బయటినుంచి వచ్చిన డేటాను, టెక్స్ట్‌ను కమాండ్‌గా నడిపేసే ఎవాల్‌కి ఎప్పుడూ ఇవ్వకూడదు.

ఇక ఏఐ కోర్సు. ఆ రంగం మీద నాకు గౌరవముంది, ఆర్నెల్ల సర్టిఫికెట్ల మీదే నమ్మకం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పైపైన చెప్పి, లైబ్రరీని పిలవడం నేర్పి, అందరితోనూ అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటాసెట్ ప్రాజెక్టు చేయిస్తారు. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి రెజ్యూమెలోనూ అదే ఉంటే మీవాణ్ని ప్రత్యేకంగా ఎందుకు చూస్తారు? నేర్చుకోవాలనుంటే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల మెషీన్ లెర్నింగ్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. ఉద్యోగం చేస్తూ ఆదివారాలు చదవొచ్చు.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మీకు నోటికొచ్చు. మీ అబ్బాయి ఈ ఏడాది ఏం నేర్చుకున్నాడో కూర్చోబెట్టి అడిగారా? అడగకుండానే అది పనికిరాని పని అని తేల్చేశారు. ఇంట్లో ఆ మాట వింటూ ఏ పిల్లాడు ధైర్యంగా ఉంటాడు?

షెల్‌లోనే ఉండిపోమని కూడా అనను. ప్రతి రిక్వెస్టుకీ కొత్త ప్రాసెస్ పుట్టించే స్క్రిప్టు రద్దీకి ఆగదు. ఇప్పుడు రాసిన సర్వీసుల్లో ఒకదాన్ని పైథాన్ భాషలో, వెబ్ సర్వీసులు కట్టే ఫ్లాస్క్‌తోనో ఫాస్ట్‌ఏపీఐతోనో తిరగరాసి, టెస్టులతో సహా కోడ్ మార్పులు దాచే గిట్‌లో పెట్టమనండి. కంపెనీ డేటా మాత్రం అందులో ఉండకూడదు. అది చేతిలో ఉంటే డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లపై పెట్టి నడిపించే పని), బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్ రాసే పని) ఉద్యోగాలకు ఇప్పటినుంచే అప్లై చేసుకోవచ్చు.