శనివారం గదిలో కూర్చోకు

బరంపురం

అమ్ములూ,

నీకు జర్మనీలో డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ సీటు వచ్చిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చదువుకున్న ఊరికే నువ్వూ వెళ్తున్నావు. అక్కడ ఎలా ఉండాలని మొన్న ఫోన్లో నువ్వు అడిగినవాటికి అప్పటికప్పుడు తోచింది చెప్పాను గానీ, అలా ముక్కలుగా విన్నవి అవసరమైన రోజున గుర్తుకు రావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చదువు సంగతి నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది మిగతా బతుకు గురించి, ముఖ్యంగా శని, ఆదివారాల గురించి. అక్కడికి వచ్చిన మన పిల్లల్ని చాలామందిని చూశాను. వారమంతా క్లాసులు, ల్యాబులు. సెలవొస్తే పార్ట్ టైమ్ పని, అదీ లేకపోతే కర్టెన్ వేసుకుని మంచం మీద ఫోన్. డిగ్రీ వస్తుంది, ఉద్యోగమూ వస్తుంది. కానీ తామున్న ఊళ్ళో నది ఎటు పారుతుందో కూడా తెలియకుండా వెనక్కి వచ్చేస్తారు. నువ్వు అలా ఉండకూడదు. నెలకి రెండు శనివారాలైనా ఊరు దాటి వెళ్ళు. దానికి డబ్బు కంటే ముందు కావాల్సింది, వారం పనులన్నీ శుక్రవారానికి తెమిలిపోయేలా చూసుకోవడం.

దిగిన కొత్తలో కాగితాల పని ఉంటుంది. గదిలో చేరిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరో హాస్టల్ వాళ్ళో సంతకం చేసిచ్చే కాగితం లేకపోతే ఆ పని జరగదు, కాబట్టి తాళాలు తీసుకునేటప్పుడే దాన్నీ అడిగి తీసుకో. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాలో మీ నాన్న కట్టిన 11,904 యూరోలు నీకు నెలకి 992 చొప్పున వస్తాయి. అందులో అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలిందే నీ నెల ఖర్చు. ఆ తర్వాత రేడియో, టీవీ రుసుము నెలకి 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. మా గదిలో టీవీ లేదు కదా అని దాన్ని పక్కన పడేయకు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి ఒకటి చొప్పున కట్టాల్సిందే. ఫ్లాట్‌లో నలుగురుంటే నలుగురికీ కలిపి ఒక్కటే, అది ఇప్పటికే ఎవరైనా కడుతున్నారేమో కనుక్కో. అసలు ఏ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చినా ఆ రోజే విప్పు. అర్థం కాకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి పట్టుకెళ్ళి చూపించు.

వంట నీకు వచ్చు, ఆ దిగులు నాకు లేదు. హాస్టల్ కిచెన్‌లో ఎండుమిరపకాయల పోపు పెట్టేముందు మాత్రం కిటికీ బార్లా తెరువు, చాలాచోట్ల స్మోక్ అలారం ఉంటుంది. చలికాలంలో కూడా ఉదయం, సాయంత్రం అయిదేసి నిమిషాలు కిటికీలు పూర్తిగా తెరవాలి. లేకపోతే వంట ఆవిరికీ తడి బట్టలకీ గోడలు బూజు పడతాయి, గది ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు నీ మీద వేస్తారు. మధ్యాహ్నం మెన్సాలో, అంటే క్యాంపస్ క్యాంటీన్లో తిను, శాకాహారం కూడా ఉంటుంది, బయట హోటళ్ళ కంటే చాలా చౌక. నీళ్ళ బాటిళ్ళు, కూల్ డ్రింక్ డబ్బాలు పారేయకు. చాలావాటి మీద ఒక్కోదానికి 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్లో మెషిన్‌లో వేస్తే తిరిగి వస్తుంది. చెత్త వేరు చేయడం పక్కవాళ్ళు ఒకసారి చూపిస్తే వచ్చేస్తుంది. రాత్రి పది దాటాక, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదన్నది అక్కడ గట్టి పట్టింపు. మన వీధిలో ఠాకురాణీ అమ్మవారి జాత్ర చప్పుళ్ళ మధ్య పెరిగిన పిల్లవి, ఆ నిశ్శబ్దం మొదట్లో నీకు భయంగా కూడా ఉండొచ్చు. అలవాటవుతుంది.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో మాత్రం కొన్ని తెరిచి ఉంటాయి. దీన్ని బట్టే నీ వారం కట్టుకోవాలి. బియ్యం, కూరలు, పాలు అన్నీ శుక్రవారం సాయంత్రమే తెచ్చేసుకో. శనివారం బయటికి వెళ్ళు. ఆదివారం లేటుగా లేచి వారానికి సరిపడా వండుకో, అసైన్‌మెంట్లు రాసుకో, అమ్మతో మాట్లాడు. ఈ వరస కుదిరిందంటే సోమవారం అలసట ఉండదు.

మొదటి శనివారం ఊళ్ళోనే నడువు. ఎల్బె నది గట్టు వెంట పాత ఊరికి వెళ్తే ఫ్రావెన్‌కిర్షె చర్చి కనిపిస్తుంది. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల తర్వాత కూలిపోయి, నలభై ఏళ్ళకు పైగా రాళ్ళగుట్టగానే పడి ఉంది. మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. లేత రంగు గోడల మధ్య అక్కడక్కడా నల్లగా కనిపించేవి ఆ గుట్టలోంచి ఏరి వాడిన పాత రాళ్ళు. ఆ ఊరి వాళ్ళు యుద్ధం గురించి ఎందుకంత ఆచితూచి మాట్లాడతారో ఆ గోడ చూస్తే తెలుస్తుంది.

రెండో శనివారం ఎల్బె ఒడ్డున ఉన్న రాతెన్ ఊరు. ఇది నా మాటగా గుర్తుపెట్టుకో, దీన్ని వాయిదా వేయకు. మెయిన్ స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో ఎస్1 రైలు ఎక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో. పిర్నా దాటాక నది నీ పక్కనే వస్తుంది. ముప్పావు గంటలోపే కూర్‌ఓర్ట్ రాతెన్‌లో దిగుతావు. స్టేషన్ ఒక ఒడ్డున, ఊరు రెండో ఒడ్డున. మధ్యలో బల్లకట్టు ఉంటుంది, దానికి ఇంజన్ లేదు. ఎగువన నదిలో లంగరు వేసి కట్టిన పొడవాటి తీగ దాన్ని పట్టి ఉంచుతుంది, ప్రవాహమే అవతలి ఒడ్డుకి నెడుతుంది. రంభ దగ్గర చిలికలో పడవలెక్కి తిరిగిన దానివి, నీకు తప్పకుండా నచ్చుతుంది. అక్కడి నుంచి అడవిలో మెట్ల దారి. నింపాదిగా ఎక్కినా గంటలో బాస్తై వంతెన చేరతావు. 1851లో ఇసుకరాతితో కట్టిన వంతెన అది, కింద ఎల్బె 194 మీటర్ల లోతున పారుతుంటుంది. పైన తిండి ఖరీదు, పులిహోర కట్టుకెళ్ళు.

అక్కడ కొన్ని జాగ్రత్తలున్నాయి. గుర్తులు పెట్టిన దారి వదలకు. వాన పడితే ఇసుకరాయి జారుతుంది, గట్టి పట్టున్న బూట్లు లేకుండా వెళ్ళొద్దు. 2022 వేసవిలో ఆ కొండల్లో సరిహద్దుకి రెండువైపులా పెద్ద కార్చిచ్చు లేచింది, కాబట్టి నిప్పు విషయంలో ఎవరూ ఊరుకోరు. తిరుగు రైలు ఎన్నింటికో, బల్లకట్టు ఎంతవరకు ఉంటుందో వెళ్ళేముందే చూసుకో. ఎవరితో వెళ్ళినా, ఒక్కదానివే వెళ్ళినా, ఫ్లాట్‌లో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి కదులు. అంబులెన్స్‌కీ, మంటలకీ 112, పోలీసులకి 110. ప్రాణం మీదికి రాని జ్వరం, నొప్పి అయితే సెలవు రోజుల్లో 116117కి చేయాలి. ఇవి ఫోన్లో వేసుకోవడమే కాదు, నోటికి వచ్చేయాలి.

టికెట్ సంగతి. సెమెస్టర్ ఫీజులో ఏ టికెట్ కలిసి ఉందో చేరిన వారమే కనుక్కో. డాయిచ్‌లాండ్ టికెట్ అయితే దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళు, ట్రామ్‌లు, బస్సులు ఎక్కొచ్చు. దూరాలకు వేగంగా వెళ్ళే ఐసీఈ, ఐసీ రైళ్ళు ఎక్కకూడదు. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా, తెలియదంటే వదలరు. టికెట్ ఫోన్లో ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్ సంచిలో ఉండాలి. ఈ ఒక్క టికెట్‌తో లైప్‌జిగ్ వెళ్ళొచ్చు, 1710 నుంచి పింగాణీ చేస్తున్న మైసెన్ చూడొచ్చు, పోలండ్ అంచున ఉన్న గోర్లిట్స్ దాకా వెళ్ళి వంతెన మీద నడిచి అవతలి దేశంలో టీ తాగి రావచ్చు.

సరిహద్దు దాటడం నీకు కొత్త కాదు. ఆంధ్రాలో ఉన్న ఇచ్ఛాపురం పెళ్ళికి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం మనం. కానీ అక్కడ జేబులో పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువి ఉండాలి, ఫోటోలు పనికిరావు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. చెక్ రాజధాని ప్రాగ్ ఇక్కడి నుంచి కాదు, డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల దూరం, దానికి టికెట్ వేరే, ముందుగా కొంటే తక్కువకి వస్తుంది. అక్కడ యూరో కాదు, కొరూనా నడుస్తుంది. ప్రాగ్‌ని ఒక్క రోజులో ముగించకు, సెలవులు చూసుకుని ఒక రాత్రి ఉండు.

డబ్బు కోసం ప్రతి శనివారాన్నీ అమ్ముకోవద్దు. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది, క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలు దాటకుండా చూసుకోవాలి. వీలైతే డిపార్ట్‌మెంట్‌లోనే వారంలో చేసుకునే పని వెతుక్కో. ఇంటికి డబ్బు పంపాలన్న తొందర నీకు అక్కర్లేదు, మీ నాన్నతో నేను మాట్లాడాను.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే ఎక్కువ ఉన్న మాట. అక్కడ మన తెలుగు పిల్లలు ఉంటారు, మంచివాళ్ళే, పండక్కి వాళ్ళే నీ ఇల్లు. కానీ ప్రతి శనివారం వాళ్ళతోనే వెళ్ళకు. ఒక వారం వాళ్ళతో వెళ్తే ఇంకో వారం ల్యాబ్‌లో వాళ్ళతో వెళ్ళు, లేకపోతే యూనివర్సిటీ స్పోర్ట్స్ సెంటర్‌లో తక్కువ ఫీజుకి ఏదో ఒకదాంట్లో చేరు. జర్మన్ తప్పులతోనే మాట్లాడు. ఇలా వేరే భాష వాళ్ళతో కలిసిపోవడం నీకు వచ్చినంతగా హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలకి రాదు. 1936 ఏప్రిల్ 1న మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరినప్పుడు మనవాళ్ళు ఇల్లు కదల్లేదు, భాష వదల్లేదు, బజార్లో ఒడియా నేర్చుకుని ఊరిని తమదిగా ఉంచుకున్నారు. నువ్వు కూరల దుకాణం ముందు నిలబడి ఏ మనిషితో ఏ భాష మాట్లాడాలో ఒక్క క్షణంలో పట్టేస్తావు. ఆ ధైర్యాన్ని ఎయిర్‌పోర్ట్‌లో వదిలేయకు. మన ఊళ్ళోనే పుట్టిన వి.వి. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళి, ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం చేస్తున్న వాళ్ళతో కలిసిపోయి, 1916లో వెనక్కి వచ్చి ఇక్కడ కార్మిక నాయకుడయ్యారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. క్లాసు బయట కలిసిన మనుషులు ఆయన జీవితానికి ఏం ఇచ్చారో చూడు.

నవంబరు, డిసెంబరు కష్టంగా ఉంటాయి. నాలుగింటికే పొద్దు కుంకుతుంది, మంచం దిగాలనిపించదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం వెలుతురు ఉన్నప్పుడే అరగంట నడువు. 1434 నుంచి జరుగుతున్న స్ట్రీట్సెల్‌మార్క్ట్ క్రిస్మస్ సంత ఆ రోజుల్లోనే, సాయంత్రం అటు వెళ్ళు. అయినా దిగులు వారాల తరబడి వదలకపోతే దాచుకోకు. విద్యార్థులకి ఉచితంగా సలహా చెప్పేవాళ్ళు అక్కడ ఉంటారు, వెళ్ళి మాట్లాడు. నాకూ ఫోన్ చెయ్. చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర. నీకు రాత్రి పది అయితే ఇక్కడ అర్ధరాత్రి దాటినా పర్వాలేదు, నేను ఎత్తుతాను.

పెట్టె సర్దడం దగ్గర అమ్మని ఆపు. యూరప్‌లోకి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకెళ్ళకూడదు. నెయ్యి, కోవా, ఛెనాపొడ ఏవీ పెట్టనివ్వకు, కస్టమ్స్‌లో తీసేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. కారప్పొడి, కరివేపాకు పొడి, మన బరంపురం అప్పడాలు, వడియాలు పెట్టుకోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కో. అప్పడాలు, పొడులు నేను సిద్ధం చేస్తాను. పెట్టెలో ఒక మూల ఖాళీ ఉంచి, భువనేశ్వర్ బయల్దేరే ముందు రోజు ఇంటికి రా.

ఇట్లు,
మీ అత్త