మీ ప్రశ్న - మా జవాబు: పద్యం రాకపోయినా గడి నింపడం ఎలా?

ప్రశ్న: గళ్లనుడికట్టులో 'ఈ పద్యపాదంలో ఖాళీ పూరించండి' అనే ఆధారాలు విసిగిస్తున్నాయి. ఆ పద్యం ఎన్నడూ విని ఉండం, కవి పేరూ ఇవ్వరు. అర్థం చూసుకుని ఏదో మాట రాస్తే, తర్వాతి సంచికలో ఇంకో మాట కనిపిస్తుంది. పద్యాలు కంఠతా వచ్చినవాళ్లకేనా ఇవి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ. అర్థంతో మొదలుపెట్టడమే చిక్కు తెస్తోంది. ముందు ఛందస్సు (పద్యంలో అక్షరాల లెక్కకూ అమరికకూ ఉన్న నియమాలు), ఆ తర్వాతే అర్థం.

'అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల _ _ _ దాపల' అని ఇచ్చారనుకోండి. గడులు మూడు. భవనానికి సంబంధించిన మాట కావాలని తెలిసి, చాలామంది 'సౌధము' అని నింపేస్తారు. ఇది పోతన భాగవతంలోని మత్తేభం అనే వృత్తం (నాలుగు పాదాల్లోనూ అక్షరాల అమరిక ఒకేలా ఉండే పద్యం). పాదానికి 20 అక్షరాలు, గణాలు (గురువులు, అంటే దీర్ఘంగా పలికేవి, లఘువులు, అంటే పొట్టిగా పలికేవి కలిసిన అక్షరాల గుంపులు) స-భ-ర-న-మ-య-వ. ఖాళీ పడింది 17, 18, 19 స్థానాల్లో. వేళ్లమీద లెక్కపెడితే అక్కడ గురువు, గురువు, లఘువు రావాలని తేలుతుంది. 'సౌధము'లో రెండో అక్షరం లఘువు కాబట్టి కుదరదు. 'సౌధంబు' కుదురుతుంది. 'దాపల'లో 'దా' దగ్గరే పాదం ముగిసి, 'పల' కింది పాదంలోకి వెళ్తుంది. ఇది గమనించకపోతే 22 అక్షరాలు వచ్చి లెక్క తప్పుతుంది.

ఆటవెలదిలో పని ఇంకా తేలిక. 'చూడ చూడ రుచుల _ _ వేరు'లో అర్థానికి 'తీరు' కూడా సరిపోతుంది. కానీ నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి (ధ్వనిమైత్రి) కలవాలి, లేదా ప్రాసయతి (ఆ గణం రెండో అక్షరం హల్లు పాదం రెండో అక్షరం హల్లుతో కలవడం) ఉండాలి. 'చూ'కి 'తీ'తో యతి లేదు, 'డ'కి 'రు'తో ప్రాసా లేదు. రెండో గడిలో డకారం ఉండాలని తెలిస్తే 'జాడ' దానంతటదే వస్తుంది.

కందంలో, వృత్తాల్లో ప్రాసయతి చెల్లదు, కానీ ప్రాస (అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం హల్లు ఒకటే కావడం) తప్పనిసరి. 'అక్కరకు రాని చుట్టము' అన్న పాదం చేతిలో ఉంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం 'క్క' గుణింతమే. ఖాళీ పాదం మొదట్లో పడిందా, ఒక గడి ఊరికే దొరికినట్టే.

కొత్తగా నేర్చుకునేవారు వృత్తాల యతిస్థానాలు గుర్తుంచుకుంటే చాలు: ఉత్పలమాల 10, చంపకమాల 11, శార్దూలం 13, మత్తేభం 14.

ఖాళీ యతిప్రాసలు తగలని చోట పడి, అడ్డంగా వెళ్లే గడులు కూడా సాయం చేయకపోతే, అది కేవలం జ్ఞాపకశక్తి పరీక్ష. అలాంటి ఆధారం ఇచ్చేవారు కవి పేరైనా చెప్పాలి. కనీసం సగం గడులు వేరే మాటలతో కలిసేలా అమర్చాలి. లేకపోతే తప్పు కూర్చినవారిదే, పూరించేవారిది కాదు.

ప్రశ్న: పాదం మొత్తం టైప్ చేసి వెతికినా నెట్‌లో దొరకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: సంధులూ అరసున్నలూ అడ్డుపడతాయి. ఒకచోట 'నగరిలో నా మూల' అని, మరోచోట 'నగరిలో ఆ మూల' అని ఉంటుంది. పాత ముద్రణల్లో అరసున్న ఉంటుంది, కొత్తవాటిలో తీసేస్తారు. సరళాదేశం (కచటతపలు గజడదబలు కావడం), గసడదవాదేశం (అవే గసడదవలు కావడం) వచ్చి 'తాను' 'దాను'గా, 'కదరా' 'గదరా'గా మారతాయి. అందుకని సంధి జరగని అరుదైన మాటలు రెండే తీసుకుని వెతకండి. మొదటి మాట మాత్రం వద్దు, ముందు పాదం చివరి ద్రుతంతో (నకారంతో) అది మారిపోయి ఉండవచ్చు. అప్పటికీ దొరక్కపోతే, ఆ అరుదైన మాటను సూర్యరాయాంధ్ర నిఘంటువులో చూడండి. అర్థంతోపాటు కావ్యప్రయోగాలు కూడా ఇస్తుంది కాబట్టి, ఒక్కోసారి మీకు కావలసిన పాదమే అక్కడ కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లోని వేమన పద్యాల పుస్తకంలో ఒక మాట, జవాబులో మరో మాట. ఏది ఒప్పు?

జవాబు: రెండూ ఒప్పు కావచ్చు. వేమన పద్యాలు జనం నోళ్లలోనూ తాళపత్రాల్లోనూ నిలిచినవి. సి.పి. బ్రౌన్ వాటిని సేకరించి 1829లో అచ్చువేయించాడు. ప్రతికీ ప్రతికీ పాఠభేదాలు సహజం. రెండు పాఠాలనూ గణవిభజన చేసి చూడండి. యతి చెడినది అచ్చుతప్పో, మరపో అయి ఉంటుంది. రెండూ నిలిస్తే అడ్డం-నిలువు కలిసే అక్షరాన్ని బట్టి ఎంచుకోండి. ఆ అక్షరం కూడా రెంటికీ ఒకటే అయితే, మీ పుస్తకం పేరూ ముద్రణ సంవత్సరమూ రాసి పత్రికకు ఉత్తరం వేయండి. రెండు జవాబులనూ ఒప్పుకోవడమే న్యాయం.