వరూధినిని ప్రవరుడు ప్రేమించాడా?

లేదు, మనుచరిత్రలో ప్రవరుడు అప్సరస వరూధినిని ఒక్క క్షణం కూడా ప్రేమించలేదు. ఆమెతో కాపురం చేసింది ప్రవరుడి వేషంలో వచ్చిన గంధర్వుడు.

16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన ఈ కావ్యంలో ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, అంటే రోజూ తప్పకుండా హోమం చేసే బ్రాహ్మణుడు. కోరిన చోటికి చేర్చే లేపనాన్ని ఒక సిద్ధుడిస్తే, కాళ్లకు పూసుకుని హిమాలయాలకు వెళ్తాడు. అక్కడి మంచుకు లేపనం కరిగిపోవడంతో తిరిగి రాలేక దారి కోసం వెతుకుతూ వరూధినిని అడుగుతాడు. ఆమెకు అతడు తొలిచూపులోనే నచ్చేస్తాడు. అంతంత కళ్లుండి దారి అడగడమేంటి, ఒంటరి ఆడవాళ్లతో మాట కలపడానికి వంక కాకపోతే, అంటుంది. ఎంత చనువో చూడండి! అతడి మనసు మాత్రం ఇంటి మీదే, వేళ దాటిపోతున్న హోమం మీదే. ఆమె మీదికొస్తే తోసేసి, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు.

వరూధిని అంతకుముందు కాదన్న గంధర్వుడొకడు ఇదంతా గమనించి ప్రవరుడి రూపంలో వస్తాడు. అసలు రూపం బయటపడుతుందన్న భయంతో, కలిసినప్పుడు కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. వాళ్లకు పుట్టినవాడే స్వరోచి. అతడి కొడుకు స్వారోచిష మనువు, కావ్యానికి ఆ పేరు వచ్చింది అతడి వల్లే.

చాలామంది ‘వరూధినీ ప్రవరులు’ అంటూ ప్రేమజంటగా చెప్పుకుంటారు. మాయాప్రవరుణ్ణి అసలు ప్రవరుడనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ప్రేమించింది వరూధిని ఒక్కతే, పాపం ఆమెకు ఆ మోసం తెలియనే తెలియదు.